ఆలస్యంగా లేచిన రియాక్షన్: ఒక గ్రిగ్నార్డ్ రియాక్టర్ మీద రెండోసారి చేసిన హేజాప్

ఆగస్టు నెల, ముసురు పట్టిన రాత్రి. తెల్లవారుజామున 2:40కి ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో 2,000 లీటర్ల రియాక్టర్ వెంట్ పైపులోంచి టీహెచ్ఎఫ్ అనే సాల్వెంట్ ఆవిరి బుస్సుమంటూ టెర్రస్ మీదికి కక్కింది. ఆవిరితో పాటు ద్రవం కూడా చిమ్మింది. సీనియర్ ఆపరేటర్ అడిషన్ వాల్వ్ కట్టేసి, రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లోకి చల్లబరిచే బ్రైన్ పూర్తిగా తెరిచి, అరుస్తూ అందరినీ కిందికి దింపేశాడు. పది పన్నెండు నిమిషాల్లో సద్దుమణిగింది. ఎవరికీ ఏమీ కాలేదు, మంట అంటుకోలేదు. కానీ రెండు రోజుల ముందు అదే టెర్రస్ మీద, ఆ వెంట్‌కి నాలుగు మీటర్ల దూరంలో వెల్డింగ్ పని జరిగింది.

కంపెనీ వాళ్లు లోపల రాసుకున్న ఇన్వెస్టిగేషన్ రిపోర్ట్ పేజీన్నర ఉంది. కారణం: సాల్వెంట్‌లో తేమ. చర్య: ఆపరేటర్లకు మళ్లీ ట్రైనింగ్. మూడు వారాల తర్వాత వాళ్ల కొత్త ప్లాంట్ హెడ్ నాకు ఫోన్ చేశారు. "మన పాత హేజాప్‌లో ఇది ఉందో లేదోనని వెతికానండీ. ఉంది. రిస్క్ తక్కువ అని రాసుంది. ఒకసారి వచ్చి చూడండి" అన్నారు. హేజాప్ అంటే, ప్రతి స్టెప్ దగ్గర ఏం తప్పు జరగొచ్చో టీమ్‌గా కూర్చుని వరుసగా వెతికే భద్రతా సమీక్ష.

ఈ కేసు ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, 2025 జూన్ 30న పాశమైలారంలో మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ తయారుచేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయాక, హేజాప్ చేసిపెట్టమని అడిగే ఫోన్లు బాగా పెరిగాయి. ఎక్కువ మంది మొదట అడిగేది, "రిపోర్ట్ ఎన్ని రోజుల్లో ఇస్తారు?" అని. ఆ మాట విన్నప్పుడల్లా ఈ రియాక్టరే గుర్తొస్తుంది. వీళ్ల దగ్గర రిపోర్ట్ ఉంది. చక్కగా బైండింగ్ చేసి, సంతకాలతో, బీరువాలో ఉంది.

యూనిట్ పేరు, ప్రాడక్ట్ పేరు చెప్పను. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ బాలానగర్‌లో ప్లాంట్ పెట్టాక నగరం ఉత్తరపు అంచున జీడిమెట్ల, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం దాకా పెరుగుతూ పోయిన మందుల ఫ్యాక్టరీల్లో ఇదీ ఒకటి, అంతవరకే. యజమాని అనుమతితోనే రాస్తున్నాను.

రియాక్షన్ గురించి కాస్త

గ్రిగ్నార్డ్ రియాక్షన్ తెలిసినవాళ్లు ఈ పేరా వదిలేయొచ్చు. మెగ్నీషియం తురుమును టీహెచ్ఎఫ్‌లో వేసి, దానిమీదికి బ్రోమైడ్ ద్రావణాన్ని కొద్దికొద్దిగా వదులుతారు. ఒకసారి మొదలైతే, పోసింది పోసినట్టు రియాక్ట్ అవుతూ వేడి వదులుతుంది. చిక్కంతా ఆ మొదలవడంలోనే ఉంది. మెగ్నీషియం మీద సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది. అది తొలగేదాకా రియాక్షన్ లేవదు. అందుకే ముందు ద్రావణంలో ఐదు శాతం మాత్రం పోసి, చిటికెడు అయోడిన్ వేసి, వెచ్చబెట్టి, లేచేదాకా ఆగుతారు. తేమ ఉంటే ఇంకా ఆలస్యం. లేవకముందే ఇంకా పోస్తే అదంతా లోపల అప్పులా పేరుకుంటుంది. లేచిన మరుక్షణం మొత్తం బాకీ ఒకేసారి తీరుస్తుంది.

టీహెచ్ఎఫ్ 66 డిగ్రీలకే మరుగుతుంది. ఫ్లాష్ పాయింట్ మైనస్ 14 డిగ్రీలు, అంటే హైదరాబాద్ చలికాలంలో కూడా నిప్పురవ్వ చాలు. గాలిలో రెండు శాతం ఉంటే అంటుకుంటుంది. దాని ఆవిరి గాలి కంటే రెండున్నర రెట్లు బరువు కాబట్టి పైకి పోకుండా నేలబారుగా పాకుతుంది.

ఈ బ్యాచ్‌లో మొదట 38 కేజీల మెగ్నీషియం, 400 లీటర్ల టీహెచ్ఎఫ్. పైన అడిషన్ ట్యాంక్‌లో 280 కేజీల బ్రోమైడ్, మరో 500 లీటర్ల టీహెచ్ఎఫ్ కలిపిన ద్రావణం, దాదాపు 690 లీటర్లు. ఐదు శాతం అంటే 35 లీటర్లు. మిగతాది ఐదు గంటల పాటు వదలాలి.

పాత షీట్‌లో ఒక వరుస

నాకు ఇచ్చిన హేజాప్ రిపోర్ట్‌లో ఈ స్టెప్‌కి సంబంధించిన వరుస ఇలా ఉంది. డీవియేషన్: టెంపరేచర్ తక్కువ. కారణం: ఇనిషియేషన్ (రియాక్షన్ లేవడం) ఆలస్యం. పర్యవసానం: బ్యాచ్ టైమ్ పెరుగుతుంది. సేఫ్‌గార్డ్‌లు: టెంపరేచర్ ఇండికేటర్, ఎస్ఓపీ (పని ఎలా చేయాలో రాసిన పత్రం), ఆపరేటర్ ట్రైనింగ్. రిస్క్: తక్కువ.

పర్యవసానం అన్న గడిలో రాసిన మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఆలస్యమైతే ఏమవుతుంది అని అడిగితే ప్రొడక్షన్ వైపు నుంచి తోచే జవాబు అదే, బ్యాచ్ టైమ్ పెరుగుతుంది. ఆలస్యమైనప్పుడు మనుషులు ఏం చేస్తారు అన్న తర్వాతి ప్రశ్న ఎవరూ అడగలేదు.

సేఫ్‌గార్డ్‌లు మూడున్నట్టు కనిపిస్తాయి. కానీ ఎస్ఓపీ చెప్పేది "ఇండికేటర్ చూడు" అని. ట్రైనింగ్‌లో నేర్పేదీ అదే. మూడూ ఒకే మీటర్‌ని, ఒకే మనిషి కంటిని ఆనుకుని నిలబడ్డాయి. ఆ మీటర్ తప్పయితే మూడూ కలిసి పడిపోతాయి. రక్షణ పొరలు ఎన్ని ఉన్నాయో లెక్కించే లోపా పద్ధతిలో ఇలాంటివాటిని విడివిడి పొరలుగా ఒప్పుకోరు. అలారం మోగితే మనిషి స్పందించడం అనే పొరకు కూడా, పదిసార్లలో ఒకసారి విఫలమవుతుందన్న లెక్కతోనే మార్కులు వేస్తారు. ఇక్కడ అలారం కూడా లేదు.

వేపర్ లైన్ మీద చెయ్యి

మొదటి రోజు కాన్ఫరెన్స్ రూమ్‌లోకి వెళ్లలేదు. నైట్ షిఫ్ట్‌కి వెళ్లి అదే ప్రాడక్ట్ బ్యాచ్ ఎలా నడుస్తుందో పక్కన నిలబడి చూస్తానన్నాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది సంగారెడ్డి వైపు నుంచి వచ్చే అదే సీనియర్ ఆపరేటర్. పద్నాలుగేళ్ల అనుభవం.

35 లీటర్లు పోశారు, అయోడిన్ వేశారు. ఆయన ప్యానెల్ వైపు చూడనే లేదు. ఎడమ చేతి గ్లవ్ తీసి, రియాక్టర్ నుంచి, ఆవిరిని చల్లబరిచి ద్రవం చేసే కండెన్సర్‌కి వెళ్లే వేపర్ లైన్‌కి ఇన్సులేషన్ లేని చోట, ఫ్లాంజ్ పక్కన, అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. మధ్యమధ్యలో సైట్ గ్లాస్‌లోకి టార్చ్ వేసి అయోడిన్ రంగు పోయిందో లేదో చూస్తున్నాడు. ఆ ఫ్లాంజ్ దగ్గర పెయింట్ అరచెయ్యంత మేర నున్నగా అరిగిపోయి ఉంది. ఒక్కరి చెయ్యి కాదది, అన్ని షిఫ్టుల చేతులూ.

"మీటర్ చూడరా అన్నా?" అని అడిగాను.

"ముందుగాల ఆ మీటర్‌ను నమ్మం సార్. అది అబద్ధం జెప్తది. ఈ పైపు మీద చెయ్యి వెడితే ఎర్కైతది. లేస్తే ఐదు నిమిషాల్ల గరమైతది."

"అబద్ధం అంటే?"

"మెల్లగ, కొంచెం పోసినంక నిజం జెప్తది. మొదట్ల జెప్పదు."

ఈ రెండు మాటల మీదే ఈ కేసంతా తిరిగింది. మర్నాడు రియాక్టర్ ఖాళీ అయి, కడిగి, పర్మిట్ తీసుకున్నాక మెయింటెనెన్స్ వాళ్లతో థర్మోవెల్ (టెంపరేచర్ సెన్సర్ ఉండే గొట్టం) పొడవు కొలిపించాం. డ్రాయింగ్ తీసి ద్రవమట్టం లెక్క వేశాం. 400 లీటర్లు పోసినప్పుడు థర్మోవెల్ కొస ద్రవానికి బెత్తెడు పైన ఉంది. అంటే బ్యాచ్ మొత్తంలో అత్యంత ప్రమాదకరమైన గంటలో ఆ మీటర్ కొలుస్తున్నది రియాక్షన్‌ని కాదు, పైనున్న ఆవిరిని, స్టిరర్ చిమ్మే తుంపర్లని. బ్రోమైడ్ ద్రావణం మరో వంద లీటర్లు పడ్డాక గానీ కొస మునగదు. ఆపరేటర్ చెప్పిన "కొంచెం పోసినంక" సరిగ్గా అదే.

ఇలా ఎందుకు వచ్చింది? ఈ ప్రాడక్ట్ మొదట 1,250 లీటర్ల రియాక్టర్‌లో నడిచేది. బ్యాచ్ చివర రియాక్టర్ దాదాపు నిండిపోతోంది, నురగ వస్తే ఇబ్బంది అని 2,000 లీటర్లదానికి మార్చారు. ఉద్దేశం మంచిదే, భద్రత కోసమే మార్చారు. ఏ మార్పు చేసినా నింపాల్సిన చేంజ్ కంట్రోల్ ఫారం కూడా నింపారు. అందులో సేఫ్టీ అన్న గడిలో "కెపాసిటీ పెరిగింది, ఇంకా సేఫ్" అని రాశారు. చివరి మట్టం గురించి ఆలోచించారు, మొదటి మట్టం గురించి ఆలోచించలేదు. సన్న రియాక్టర్‌లో 400 లీటర్లు ఎత్తుగా నిలబడతాయి, వెడల్పు రియాక్టర్‌లో పళ్లెంలో పోసినట్టు పరుచుకుంటాయి. దానితో జాకెట్‌కి తగిలే ప్రదేశం కూడా తగ్గింది, అంటే చల్లబరిచే శక్తీ తగ్గింది. హేజాప్ షీట్ మాత్రం పాత రియాక్టర్ డ్రాయింగ్ మీద చేసిందే. మార్పు తర్వాత దాన్ని తెరిచినవాళ్లు లేరు.

1974లో ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో 28 మంది చనిపోయింది కూడా ఒక మార్పు వల్లే. పగులు వచ్చిన రియాక్టర్‌ని తీసేసి, సరైన డిజైన్ లెక్క లేకుండా తాత్కాలికంగా పైపు వేసి నడిపారు. చేంజ్ కంట్రోల్ అన్న ఫారం ఎందుకు పుట్టిందో ట్రైనింగుల్లో ఈ కథతోనే చెబుతాం. కానీ మన దగ్గర ఆ ఫారం క్యూఏ (క్వాలిటీ విభాగం) ఆడిట్ కోసం నింపేదిగా మారిపోయింది. ప్రాడక్ట్ క్వాలిటీ మారుతుందా అన్న దానికి పది ప్రశ్నలుంటాయి, రియాక్టర్ ప్రవర్తన మారుతుందా అన్న దానికి ఒక్క గడి.

ఆ రాత్రి ఏం జరిగింది

థర్మోవెల్ సంగతి తెలిశాక రికార్డర్ డేటా మళ్లీ తీసి చూస్తే మొత్తం అర్థమైంది.

12:50కి మొదటి 35 లీటర్లు. లేవలేదు. వాడింది రికవరీ టీహెచ్ఎఫ్, అంటే ఒకసారి వాడి మళ్లీ శుద్ధి చేసింది. ట్యాంక్‌లో తేమ పరీక్ష నాలుగు రోజుల కిందట చేసింది, ఆ తర్వాత వానలు. మిగిలిన శాంపిల్‌లో తేమ 0.1 శాతం వచ్చింది. వినడానికి ఏమంత కాదు. 400 లీటర్లలో అది 350 గ్రాములకు పైగా నీరు, దాదాపు 20 మోల్. మొదట పోసిన 35 లీటర్లలో ఉన్న బ్రోమైడ్ 75 మోల్. లేవబోయిన రియాక్షన్‌లో పావు వంతుకు పైగా నీళ్లే మింగేస్తాయి.

బ్యాచ్ షీట్‌లో ఒక వాక్యం ఉంది: "ఇనిషియేషన్ కాకపోతే మరి కొంత ద్రావణం కలపాలి." కొంత అంటే ఎంత? ఎన్నిసార్లు? షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి ఆ ప్లాంట్‌లో మూడో నెల. మర్నాడు డిస్పాచ్ ఉందని సాయంత్రమే రెండుసార్లు ఫోన్ వచ్చింది, ఆ టెన్షన్ ఒకటి. జాకెట్ 60కి పెంచి, 1:40కి మరో 35, 2:10కి మరో 35 లీటర్లు పోయించాడు. షీట్ ప్రకారం అతను చేసింది తప్పు కాదు.

105 లీటర్లు పడ్డాయి. అక్కడ థర్మోవెల్ కొస ద్రవాన్ని తాకింది. అప్పటిదాకా 49 చూపిస్తున్న మీటర్ 2:18కి 54కి ఎగబాకింది. జాకెట్ వేడికి ద్రవం అప్పటికే 55 దగ్గర ఉంది కాబట్టి అది మామూలే. కానీ ప్యానెల్ ముందు నిలబడ్డ మనిషికి అది ఎలా కనిపిస్తుంది? గంటన్నరగా కదలని అంకె ఒక్కసారిగా ఐదు డిగ్రీలు పెరిగింది. లేచింది! లాగ్‌లో "ఇనిషియేషన్ అయింది" అని రాసి, మామూలు రేటున అడిషన్ మొదలుపెట్టాడు.

ఆపరేటర్ చెయ్యి అప్పటికీ పైపు మీదే ఉంది. "పైపు సల్లగనే ఉంది సార్ అన్నా. మీటర్ పెరిగింది గదా అన్నడు. ఇగ నేనేం అంట?" అని నాతో చెప్పాడు.

2:35కి నిజంగా లేచింది. అప్పటికి లోపల 140 లీటర్లు, అంటే మొత్తంలో ఐదో వంతు బ్రోమైడ్ ఉంది.

లెక్క ఇదీ. కేలరీమీటర్ పరీక్షలో మోల్‌కి దాదాపు 270 కిలోజౌళ్ల వేడి వచ్చింది. 300 మోల్ అంటే 81 మెగాజౌళ్లు. ద్రవాన్ని 55 నుంచి 66కి తీసుకుపోవడానికి 11 సరిపోతాయి. మిగిలిన 70 మెగాజౌళ్లు టీహెచ్ఎఫ్‌ని ఆవిరి చేయడానికే. అది సుమారు 170 కేజీలు, ఆవిరిగా 65 క్యూబిక్ మీటర్లు. రెండు క్యూబిక్ మీటర్ల రియాక్టర్ నుంచి 65 క్యూబిక్ మీటర్ల ఆవిరి కొన్ని నిమిషాల్లో సన్నటి పైపులోంచి పోవాలి. కండెన్సర్ పట్టుకున్నంత పట్టుకుంది, మిగిలింది టెర్రస్ మీదికి వచ్చింది. అదే సరిగ్గా 35 లీటర్ల దగ్గర లేచి ఉంటే వచ్చే ఆవిరి 30 కేజీల లోపు. కండెన్సర్ దాన్ని ఇట్టే వెనక్కి తిప్పి పంపేది, ఎవరికీ తెలిసేది కూడా కాదు.

ఇంకో లెక్క యజమానికి చూపించాను. మొత్తం బ్రోమైడ్ పడ్డాక లేస్తే, చల్లబరచడం అసలు లేదనుకుంటే, టెంపరేచర్ 190 డిగ్రీలు పెరిగేంత వేడి అందులో ఉంది. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు, ఏమీ మాట్లాడలేదు.

తెలుగులో హేజాప్

నాలుగు రోజులు చేశాం. మొదటి పట్టు టీమ్ దగ్గరే వచ్చింది. ఇద్దరు ఆపరేటర్లు, ఒక ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ అన్ని రోజులూ కూర్చోవాలన్నాను. ప్రొడక్షన్ మేనేజర్ "వాళ్లు మీటింగ్‌లో ఏం చెప్తారండీ, షిఫ్ట్‌లో మనుషులు తగ్గిపోతారు" అన్నారు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు ప్రమాదకర ప్రాసెస్‌లున్న చోట కార్మికులకు సమాన ప్రాతినిధ్యంతో సేఫ్టీ కమిటీ ఉండాలని, ప్రమాదం ముంచుకొస్తోందని అనుకున్నప్పుడు దాన్ని పైవాళ్ల దృష్టికి తెచ్చే హక్కు కార్మికుడికి ఉందని రాశారు. ఆ మాట గుర్తుచేశాను. ప్లాంట్ హెడ్ ఒప్పుకున్నారు.

మొదటి గంటలో ఆపరేటర్లు నోరు విప్పలేదు. తప్పు నాదే. ప్రొజెక్టర్ మీద ఇంగ్లిష్ షీట్ పెట్టి, నో ఫ్లో, మోర్ ఫ్లో, రివర్స్ ఫ్లో అంటూ పోతున్నాను. 1960లలో బ్రిటన్‌లో ఐసీఐ వాళ్లు ఈ పద్ధతిని తయారుచేసుకున్నప్పుడు వాళ్ల భాషలో, వాళ్ల మనుషులతో కూర్చుని చేసుకున్నారు. మనం మాత్రం ఆ మాటల్నే మంత్రాల్లా చదువుతున్నాం. టీ బ్రేక్ తర్వాత ప్రొజెక్టర్ ఆపేశాను. వైట్‌బోర్డు మీద రాశాను: రాకపోతే? ఎక్కువైతే? తక్కువైతే? వెనక్కొస్తే? దానితో పాటు ఇంకోటి కలిస్తే? దానికి బదులు వేరేది వస్తే? ముందే అయితే? ఆలస్యమైతే?

చివరి రెండూ పాత షీట్‌లో ఎక్కడా లేవు. హేజాప్‌ని నిరంతరంగా పారే ప్లాంట్ల కోసం వాడే అలవాటు వల్ల చాలామంది ఫ్లో, ప్రెషర్, టెంపరేచర్, లెవెల్ దగ్గరే ఆగిపోతారు. బ్యాచ్ ప్లాంట్‌లో ప్రమాదం ఎక్కువగా వరుసలో, సమయంలో ఉంటుంది. మన బల్క్ డ్రగ్ యూనిట్లు దాదాపు అన్నీ బ్యాచ్ ప్లాంట్లే.

"ఆలస్యమైతే?" అని అడిగితే ఆపరేటర్లు ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. ఎన్నిసార్లు ఆలస్యమైందో, ఏ సాల్వెంట్‌తో అయిందో, ఎవరి షిఫ్ట్‌లో ఎంత పోశారో. వానాకాలంలో ఎక్కువని, కొత్త డ్రమ్ము టీహెచ్ఎఫ్ అయితే తక్కువని. ఆర్ అండ్ డీ కెమిస్ట్ పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. "దానితో పాటు ఇంకోటి కలిస్తే?" అన్నప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్, అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని కుర్రాడు, "జాకెట్ లీకైతే బ్రైన్ లోపలికి వస్తుంది కదా సార్" అన్నాడు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బ్రైన్ అంటే ఉప్పునీళ్లే. గ్రిగ్నార్డ్ ద్రావణం మీద నీళ్లు పడితే వేడి, ఆ వేడిలో మిగిలిన మెగ్నీషియంతో హైడ్రోజన్. ఆ రాత్రి ఆపరేటర్ జాకెట్‌కి బ్రైన్ పూర్తిగా తెరిచాడు. వేరే దారి లేదు, సరిగ్గా చేశాడు. కానీ ఆ జాకెట్‌కి చివరిసారి ప్రెషర్ టెస్ట్ ఎప్పుడు చేశారో రికార్డు దొరకలేదు.

అదే రోజు సాయంత్రం కిందికి దిగి చూస్తే రియాక్టర్ పక్కన గోడకి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తగిలించి ఉంది. మండుతున్న మెగ్నీషియం కార్బన్ డయాక్సైడ్‌లో కూడా మండుతుంది, దాని ఆక్సిజన్‌ని లాక్కుంటుంది. మెగ్నీషియం చార్జ్ చేసే చోట కావాల్సింది లోహపు మంటలకు వాడే డ్రై పౌడర్, పొడి ఇసుక. మర్నాడే మార్చారు. నాలుగు రోజుల్లో వెంటనే అయిపోయిన పని ఇదొక్కటే.

వాదన

ప్రొడక్షన్ మేనేజర్ చెడ్డ మనిషి కాదు, ప్లాంట్ గురించి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. ఆయన మాట ఒకటే. "ఈ రియాక్టర్‌లో నూట నలభై బ్యాచ్‌లు తీశామండీ. ఒక్కసారి ఇలా అయిందని మొత్తం ఆటోమేషన్ పెట్టమంటే ఎలా?"

2007 డిసెంబర్ 19న అమెరికాలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ అనే చిన్న ప్లాంట్ పేలిపోయి నలుగురు చనిపోయిన సంగతి చెప్పాను. సోడియం లోహంతో నడిచే రియాక్షన్, చల్లబరిచే నీళ్లు ఆగిపోయాయి, రియాక్షన్ చెయ్యి దాటింది. 42వ బ్యాచ్ దగ్గర బ్యాచ్ సైజుని మూడో వంతు పెంచారు. పేలింది 175వ బ్యాచ్. మధ్యలో అన్ని బ్యాచ్‌లు బాగానే వచ్చాయి. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. కానీ మర్నాడు ఆయనే నూట నలభై బ్యాచ్‌ల రికార్డర్ డేటా తీయించారు. 35 లీటర్ల దగ్గర లేవకుండా ఇంకా పోసిన బ్యాచ్‌లు పదకొండు ఉన్నాయి. వాటిలో రెండిట్లో 105 లీటర్ల దాకా వెళ్లారు. ఆ తర్వాత ఆయన వాదించలేదు, నాకంటే గట్టిగా పట్టుబట్టారు.

ఏం మార్చాం

థర్మోవెల్‌ని పొడవైనది పెట్టించాం, బాటమ్ వాల్వ్‌లోనే సెన్సర్ ఉన్న రకం కూడా వేయించాం. మూడోది వేపర్ లైన్ మీద, సరిగ్గా ఆ పెయింట్ అరిగిన చోట. ఇన్నాళ్లూ చేతికి తెలిసింది ఇక రికార్డర్‌కి కూడా తెలియాలని అక్కడే పెట్టమని అడిగాను.

అడిషన్ లైన్‌లో ఆటోమేటిక్ వాల్వ్ వచ్చింది. 35 లీటర్లు పడగానే దానంతట అదే మూసుకుంటుంది. ద్రవం టెంపరేచర్ పెరగాలి, వేపర్ లైన్ టెంపరేచర్ కూడా పెరగాలి, ఆ రెండూ చూసి ఇద్దరు సంతకం చేయాలి. అప్పుడే మళ్లీ తెరుచుకుంటుంది. స్టిరర్ ఆగినా, జాకెట్ ఫ్లో ఆగినా, టెంపరేచర్ హద్దు దాటినా మూసుకుంటుంది. ఆ వాల్వ్ కింద ఆరిఫైస్ ప్లేట్ (సన్నటి రంధ్రమున్న బిళ్ల) బిగించాం. వాల్వ్ పాడై పూర్తిగా తెరుచుకున్నా గంటకు 160 లీటర్లకు మించి పారదు. ఇంత చిన్న ఇనుప బిళ్ల మీద నాకున్న నమ్మకం ఏ సాఫ్ట్‌వేర్ మీదా లేదు.

బ్యాచ్ షీట్‌లోంచి "మరి కొంత" అన్న వాక్యం కొట్టేశాం. దాని బదులు: గంటలో లేవకపోతే ఇంకేమీ పోయకూడదు, జాకెట్ వేడి పెంచకూడదు, నైట్రోజన్ కింద అలాగే ఉంచి, ఏ టైమైనా సరే ప్లాంట్ హెడ్‌కి ఫోన్ చేయాలి. ఈ చివరి మాటని ఆయన స్వయంగా తెలుగులో రాసి, కింద తన ఫోన్ నంబర్ వేసి ప్యానెల్ మీద అంటించారు.

టీహెచ్ఎఫ్ తేమ హద్దు 0.03 శాతానికి తగ్గించారు. పరీక్ష చార్జింగ్‌కి ముందు, అదే షిఫ్ట్‌లో చేయాలి. ముందు బ్యాచ్‌లోంచి పది లీటర్ల గ్రిగ్నార్డ్ ద్రావణం ఉంచి దానితో కొత్త బ్యాచ్‌ని లేపడం అన్నిటికంటే మంచి మార్గం. కెమిస్ట్ మొదటి రోజే చెప్పింది. కానీ ఒక బ్యాచ్ పదార్థం ఇంకో బ్యాచ్‌లో కలుస్తుంది కాబట్టి క్యూఏ ఒప్పుకోవడానికి మూడు నెలలు పట్టింది. వాళ్ల ఆందోళనా న్యాయమైనదే. వెంట్‌ని క్యాచ్ ట్యాంక్‌లోకి తిప్పి, దాని తర్వాత పైపుని మనుషులు తిరగని వైపుకి మళ్లించారు.

చేంజ్ కంట్రోల్ ఫారంలో మూడు ప్రశ్నలు కొత్తగా చేరాయి. మొదటి చార్జ్‌లో థర్మోవెల్ మునుగుతుందా? ఎన్ని సెంటీమీటర్లు? కొలిచిందెవరు? కింద ఆపరేటర్ సంతకానికి గడి.

ఎనిమిది నెలల తర్వాత

మళ్లీ వెళ్లి డేటా చూశాను. 35 లీటర్ల దగ్గర వెంటనే లేవక, ఆ వాల్వ్ మూడుసార్లు బ్యాచ్‌ని ఆపి ఉంచింది. రెండుసార్లు గంటలోపు లేచింది. మూడోసారి లేవలేదు. రాత్రి మూడు గంటలకు అదే షిఫ్ట్ ఇన్‌చార్జ్ ప్లాంట్ హెడ్‌కి ఫోన్ చేశాడు. ఆయన కారు వేసుకుని వచ్చారు. మళ్లీ శాంపిల్ తీసి చూస్తే తేమ ఎక్కువ. వెతగ్గా వెతగ్గా టీహెచ్ఎఫ్ ట్యాంక్ నైట్రోజన్ లైన్‌లో ఒక రెగ్యులేటర్ పాడై వాన గాలి లోపలికి పోతోందని తేలింది. బ్యాచ్ పదహారు గంటలు ఆలస్యమైంది. ఆ ఇన్‌చార్జ్‌ని ఎవరూ ఏమీ అనలేదు. నేనీ మాట రెండుసార్లు, వేర్వేరు మనుషుల్ని అడిగి తెలుసుకున్నాను.

సీనియర్ ఆపరేటర్ ఇప్పటికీ గ్లవ్ తీసి పైపు మీద చెయ్యి పెడుతున్నాడు. వేడి పైపు, వద్దన్నాను. "మీటర్ సక్కగ జెప్తుందా లేదా అని జూస్తున్న సార్" అన్నాడు.

జాకెట్ పని మాత్రం కాలేదు. బ్రైన్ తీసేసి నీళ్లు లేని ఆయిల్ లూప్ వేయడానికి కొటేషన్లు వచ్చాయి, డబ్బు రెండు విడతలుగా ఇస్తామన్నారు. అప్పటిదాకా ప్రతి క్యాంపెయిన్‌కి (వరుసగా తీసే బ్యాచ్‌లకి) ముందు జాకెట్ ప్రెషర్ టెస్ట్ చేసి, రియాక్టర్ మీద తేదీ రాయాలని పెట్టాం. నేను వెళ్లిన రోజు రాసిన తేదీ తొమ్మిది రోజుల కిందటిది. ఆయిల్ పంపు ఫౌండేషన్ వేశారు, పంపు ఇంకా రాలేదు. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను.